ఎర్రవైపు తిరిగిన బిళ్ళ

పొద్దున్న ఏడింటికి గది గోడలో ఉన్న స్పీకరు గొంతు సవరించుకుంది. "అందరికీ శుభోదయం. బయట గాలి లేదు, చలి మామూలే. తొమ్మిదింటికి పడవలు దిగుతాయి. మేజోళ్ళు రెండు జతలు వేసుకోండి. బాత్రూం పని ఇక్కడే చూసుకోండి, ఒడ్డున ఆ సదుపాయం ఉండదు."

"ఈయన ఆఖర్న ఆ మాట చెప్పకుండా ఉండడు కదా" అంది అమ్మ, మంచం అంచున కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ. "మూడు రోజుల్నుంచి వినీ వినీ, ఇప్పుడు ఆ గొంతు వినిపిస్తేనే నాకు వస్తోంది."

పిచ్చుక నవ్వలేదు. ఆమెకు ఇరవై ఆరేళ్ళు, రెండున్నరేళ్ళ పాపకు తల్లి. అయినా వాళ్ళ నాన్న పెట్టిన ఆ పేరే ఇంటా బయటా నిలిచిపోయింది. చిన్న చప్పుడైతే ఉలిక్కిపడుతుందనీ, కంచంలో నాలుగు మెతుకులు కెలికి లేస్తుందనీ పెట్టాడాయన. ఈ ఓడ ఎక్కాక ఆ రెండూ ఇంకా ఎక్కువయ్యాయి.

ఓడ అంటే ఊళ్ళో అందరూ అనుకున్నట్టు ఈతకొలనులూ నాట్యశాలలూ ఉన్న మేడ కాదు. అరవై మంది ప్రయాణికులు. రెండు మంచాలు, ఒక సోఫా, గుండ్రటి కిటికీ ఉన్న ఇరుకు గదులు. సొరుగులకు గొళ్ళేలు, గోడల పొడుగునా పట్టుకోవడానికి కమ్మీలు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రబ్బరు పడవల్లో మంచు ఒడ్డుకు తీసుకెళ్తారు. వెళ్ళే ముందూ వచ్చాకా బూట్లు మందునీళ్ళ తొట్టిలో కడగాలి, అక్కడి నేల మీద మన మట్టి పడకూడదు. ధ్రువానికి ఇంత దగ్గరలో, ఈ కాలంలో చీకటి పడదు. ఎప్పుడు కళ్ళు తెరిచినా కిటికీలో అదే పాలిపోయిన వెలుతురు. పడుకున్నామో లేదో ఒంటికి కూడా తెలియదు.

ఈ ప్రయాణం నాన్న కల. ముప్పై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేసిన మనిషి. "రేకు డబ్బాల్లో పోసి గడ్డకట్టించిన ఐసు చాలా చూశాను. ఎవరూ తయారుచెయ్యని ఐసు ఒక్కసారి చూడాలి" అనేవాడు. రిటైరవగానే ఇద్దరికీ టికెట్లు తీశాడు. ప్రయాణం నాలుగు నెలలుందనగా గుండె ఆగి పోయాడు. ఆయన బదులు పిచ్చుక వచ్చింది.

వచ్చింది అమ్మకు తోడుగానే. కానీ లోపల ఇంకో లెక్క ఉంది. తిరిగి వెళ్ళగానే పిచ్చుక కళ్ళజోళ్ళ దుకాణంలో మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. పగలంతా పాపని చూసుకోవాల్సింది అమ్మ. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ ఒక్కోసారి ఖాళీ కుర్చీ వైపు తిరిగి తలూపుతోంది. ఆ మతి నిలకడగా ఉందో లేదో, పాపని ఆమె చేతిలో పెట్టొచ్చో లేదో, ఈ పది రోజుల్లో తేల్చుకోవాలి. మొగుడికి కూడా ఆ మాటే చెప్పి బయల్దేరింది.

తొమ్మిదింటికి బూట్ల గదిలో తొక్కిసలాటగా ఉంది. దిగే తలుపు పక్కన గోడకు పెద్ద చెక్క పలక, దాని నిండా కొక్కేలు, కొక్కేనికొక బిళ్ళ. బిళ్ళ మీద గది నంబరూ పేరూ. ఒకవైపు తెలుపు, ఇంకోవైపు ఎరుపు. ఓడలో ఉంటే తెలుపు, దిగితే ఎరుపు. పలక దగ్గర నిలబడే ఉద్యోగిని అందరూ లెక్కల మాస్టారు అంటారు. ఆయన ఎక్కిన రోజే గట్టిగా చెప్పాడు: "ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి. పెళ్ళాం బిళ్ళ మొగుడు తిప్పినా ఊరుకోను. ఒక్క బిళ్ళ ఎర్రగా ఉన్నా ఓడ కదలదు. వెతకడం ముందు, విచారణ తర్వాత."

పిచ్చుక తన బిళ్ళ తిప్పింది. పద్నాలుగో గదికి మూడు కొక్కేలు. మూడోది నిన్నటి దాకా ఖాళీ. "నువ్వు నడువు, నేను ఆ స్పీకరాయన చెప్పిన పని చూసుకుని వస్తా" అంది అమ్మ వెనక నుంచి. పిచ్చుక మెట్లు దిగి పడవలో కూర్చుంది. అమ్మ ఆఖరున వచ్చింది. ఆమె కోసం తలుపు తెరుచుకున్నప్పుడు పలక ఒక్క క్షణం కనిపించింది. పద్నాలుగు దగ్గర మూడు ఎరుపులు.

ఒడ్డున ఉన్న రెండు గంటలూ పిచ్చుక కాళ్ళ కింద మంచు కరకరలాడుతూనే ఉంది గానీ ఆమె ఏమీ చూడలేదు. తిరిగి రాగానే జనాన్ని తోసుకుంటూ పలక దగ్గరికి పరుగెత్తింది. మూడో కొక్కెం మీద బిళ్ళ ఉంది. ఎర్రగా. దాని మీద నాన్న పేరు. ఇంటిపేరుతో సహా, నల్ల అక్షరాల్లో.

వెనక వాళ్ళు తొందరపెడుతుంటే బూట్లు కడుక్కోవడానికి పక్కకు జరిగింది. రెండు నిమిషాల్లో మళ్ళీ వచ్చి చూస్తే కొక్కెం ఖాళీగా ఉంది.

"మాస్టారూ, ఇక్కడ మా నాన్నగారి పేరుతో ఒక బిళ్ళ..."

"ఓ, అదా" అన్నాడాయన సానుభూతిగా. "బిళ్ళలు ముందుగానే రాయించేస్తారమ్మా. రాని వాళ్ళవి ఈ డబ్బాలో పడేస్తాం. మీ నాన్నగారిది మొన్న నా చేత్తోనే వేశాను, చూడండి." కింద ఉన్న రేకు డబ్బా మూత తీశాడు. అందులో చేత్తో కలియబెట్టాడు. ఇంకోసారి కలియబెట్టాడు. "ఇందులోనే ఉండాలే" అని గొణిగాడు.

పద్నాలుగో నంబరు అరలో మూడు జతల బూట్లున్నాయి. టికెట్లు తీసినప్పుడే కొలతలు పంపారు కాబట్టి నాన్నకూ ఒక జత పెట్టారని మొదటి రోజే తెలుసు. పిచ్చుక వంగి ఆ పెద్ద జత ముట్టుకుంది. తడిగా ఉన్నాయి. మందునీళ్ళు ఇంకా కారుతున్నాయి.

గదిలోకి వచ్చేసరికి అమ్మ సోఫా మీది దుప్పటి సర్దుతోంది. బల్ల మీద టీ కప్పులు మూడు.

"మూడోది ఎవరికమ్మా?"

"తెచ్చినతను మూడు పెట్టాడు. వద్దని వెనక్కి పంపితే నొచ్చుకోడూ?"

"సోఫా మీద ఎవరు పడుకున్నారు?"

"ఎవరు పడుకుంటారే, నడుం వాల్చాను. పోలీసులా నిలబెట్టి అడుగుతావేంటి? ఇంటికి ఫోన్ చేశావా? పాప తిందా?"

అడ్డం తిప్పడంలో అమ్మ దిట్ట. పిచ్చుక తడి మేజోళ్ళు విప్పడం మొదలుపెట్టింది. అసలు అడగాల్సింది నాన్న సంగతి. నాన్న మాట ఎత్తకూడదని ఇంట్లో కట్టుబాటు పెట్టింది తనే. ఆయన ఫోటో బీరువాలో పెట్టింది తనే, వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపి "అమ్మ దగ్గర ఆయన పేరెత్తకండి, తట్టుకోలేదు" అని చెప్పిందీ తనే. ఇప్పుడు ఏ మొహంతో ఎత్తాలి?

మర్నాడు ఫలహారాల దగ్గర పదిహేనో గది పిన్నిగారు తగులుకుంది. ఆవిడ మాటకి ఫుల్‌స్టాప్ ఉండదు.

"మీ అమ్మానాన్నల కబుర్లు వింటుంటే ముచ్చటేస్తుందమ్మాయ్. మా మధ్య గోడ రేకే కదా, అన్నీ వినిపిస్తాయి. విందామని కాదు సుమా. పొద్దున్నే నువ్వు గది దాటగానే మీ అమ్మగారు ఎన్ని చెప్తారో. పాపం ఆయన్ని ఒక్క మాట మాట్లాడనివ్వరు. అలా దగ్గుతూ ఊఁ కొడుతుంటారు, అంతే. మా ఆయనా అంతే, బతికున్నాళ్ళూ నేను మాట్లాడాను, ఆయన దగ్గాడు."

పిచ్చుక చేతిలో చెంచా కంచం మీద పడింది. "దగ్గు వినిపించిందా?"

"అయ్యో, నిన్న కూడా. పొడి దగ్గు. వేణ్ణీళ్ళు తాగమని చెప్పు."

ఆ సాయంత్రం పిచ్చుక కూడా విన్నది. గదిలో తనొక్కతే ఉంది. సోఫా వైపు నుంచి, గోడలోంచి, రెండుసార్లు. ఖళ్, ఖళ్. నాన్న ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి చెప్పులు విడిచేటప్పుడు దగ్గినట్టే. తలుపు తీసి నడవాలోకి పరుగెత్తితే, నేల తుడుస్తున్న ఓడ మనిషి చూసి నవ్వాడు. "గొట్టాల్లో గాలండీ. వేడి నీళ్ళు వదిలినప్పుడల్లా ఈ ఓడ దగ్గుతుంది. ముసలిదైపోయింది." ఆ మాట నమ్మింది. నమ్మి కూడా, అమ్మ వచ్చేదాకా గదిలోకి వెళ్ళలేదు.

ఫోన్లో మూడు నిమిషాలు దొరికితే మొగుడికి చెప్పేసింది. "పాపని అమ్మ దగ్గర ఉంచలేం. వేరే దారి చూడు."

"ఏమైంది?"

"వచ్చి చెప్తా. పాప ఎక్కడుంది, మెట్ల దగ్గర తలుపు వేశావా?"

"వేశాను. నువ్వు బయల్దేరిన దగ్గర్నుంచి అదే అడుగుతున్నావు" అన్నాడతను. అంతలో టైమైపోయింది.

ఐదో రోజు మధ్యాహ్నం దిగిన చోటు ఒక ఇరుకు మలుపు. మూడు వైపులా మంచుగోడలు, మధ్యలో చప్పుడులేని నీళ్ళు. అరగంట గడిచిందో లేదో పొగమంచు గోడల మీంచి కిందికి దొర్లింది. గైడు ఈల ఊదాడు. అందరినీ గబగబా పడవల్లోకి ఎక్కించి వెనక్కి తెచ్చారు. పిచ్చుక అమ్మ చెయ్యి వదల్లేదు. అమ్మ మాత్రం వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ కూర్చుంది. మొహంలో ఏదో తేలిక.

బూట్లు కడుగుతుండగా గంట మోగింది. ఆగి ఆగి, మూడుసార్లు. లెక్కల మాస్టారి గొంతు మైకులో వచ్చింది. "ఒక బిళ్ళ ఎర్రగా ఉంది. పడవలు వెనక్కి వెళ్తున్నాయి. అందరూ ఉన్నచోటే ఉండండి." తర్వాత పేరు చదివాడు. నాన్న పేరు.

పిచ్చుక చుట్టూ చూసింది. అమ్మ పక్కన లేదు. మెట్లెక్కి పైకి పరుగెత్తింది. పై అంతస్తులో, తడి కమ్మీ పట్టుకుని, అమ్మ ఒక్కతే నిలబడి ఉంది. ముందంతా తెల్లటి పొగ. ఆ పొగలోంచి, ఒకచోట నుంచి కాదు, మూడు నాలుగు చోట్ల నుంచి, ముక్కూమొహం తెలియని మగవాళ్ళ గొంతులు ఆ పేరు పిలుస్తున్నాయి. పిలిచి, ఆగి, వింటున్నాయి. మంచుగోడలు అదే పేరు తిప్పి చెప్తున్నాయి, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా.

"అమ్మా. ఏం చేశావు?"

"వింటున్నావా?" అంది అమ్మ, తల తిప్పకుండా. "ఎంత గట్టిగా పిలుస్తున్నారో."

"బిళ్ళ నువ్వే పెట్టావా?"

"మరెవరు? డబ్బాలో చెత్తతోపాటు పడుంటే తీసుకున్నా. వెళ్ళేటప్పుడు పెట్టేదాన్ని, వచ్చాక తీసేసేదాన్ని. బూట్లు కూడా కడిగేదాన్ని, వేరేవాళ్ళతోపాటు వెళ్ళొచ్చినట్టుగా. ఇవాళ తియ్యాలనిపించలేదు. ఆ మలుపు చూశావుగా, ఆయన చూడాలన్న ఐసు అదే. పోనీ ఇక్కడే ఉండనీ అనుకున్నా. ఇలా పడవలేసుకుని వెతుకుతారని నాకేం తెలుసు?"

"వెతకడం ముందు అని వంద సార్లు చెప్పాడు కదా ఆయన. ఈ పొగలో వాళ్ళకి ఏమైనా అయితే?"

పిచ్చుక ఒక్క ఉదుటున కిందికి దిగి మాస్టారికి చెప్పింది. రాని మనిషి, పోయిన మనిషి, బిళ్ళ పెట్టింది అమ్మ అని మూడు ముక్కల్లో చెప్పింది. "రాని మనిషి బిళ్ళేనని నాకూ గుర్తే, కానీ దాంతో ఎవరు దిగారో తేలేదాకా వెతక్క తప్పదమ్మా" అంటూ ఆయన రేడియో అందుకున్నాడు. దగ్గర్లో ఉన్న రెండు పడవలు తిరిగాయి. ఒకటి మలుపు లోపలికంటా వెళ్ళింది, దాని రేడియో పలకడం లేదు. "వాళ్ళు మాత్రం వచ్చేదాకా పిలుస్తూనే ఉంటారు" అన్నాడు మాస్టారు. "ఓడ హారను కొడతాను, వింటే వస్తారు. మీరు అమ్మగారి దగ్గరుండండి. కెప్టెన్ గారితో తర్వాత మాట్లాడుదురు."

పైకి వచ్చేసరికి పిచ్చుక భయమంతా కోపంగా మారింది.

"నేనేం అనుకోవాలమ్మా? లేని మనిషికి టీ, లేని మనిషికి బూట్లు. వచ్చే నెల నుంచి నా పాప పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ దగ్గర ఉండాలి. నీ చేతిలో దాన్ని ఎలా పెట్టను?"

అమ్మ అప్పుడు తిరిగింది. కోపం లేదు ఆ కళ్ళల్లో. అది చూసి ఇంకా భయమేసింది.

"నీ చేతిలో నేను పెట్టలేదూ?" అంది నెమ్మదిగా. "ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో, 'ఇంటికెళ్ళి స్నానం చేసి రా, నేను కళ్ళార్పకుండా చూసుకుంటా' అన్నావు. వెళ్ళాను. తల తడి ఆరకముందే కబురొచ్చింది. ఏం జరిగిందే అని అడిగితే, 'ప్రశాంతంగా పోయారు' అన్నావు. ఆ ఒక్క ముక్క తప్ప నాలుగు నెలల్లో ఇంకో ముక్క చెప్పలేదు. పేరు కూడా ఎత్తనివ్వలేదు. నేను గోడలతో మాట్లాడక ఇంకెవరితో మాట్లాడను?"

పొగలోంచి ఆ ఆఖరి పడవ గొంతు మళ్ళీ వచ్చింది. నాన్న పేరు, సాగదీసి. ఆగింది. జవాబు కోసం వింటోంది. ఆ నిశ్శబ్దం తననే అడుగుతున్నట్టనిపించింది పిచ్చుకకి.

"నేను చూడలేదమ్మా" అంది.

అమ్మ ఒక అడుగు దగ్గరికి జరిగింది.

"పాపకి జ్వరం, మూడు రాత్రులు నిద్రలేదు. నువ్వెళ్ళాక నాన్న నీళ్ళడిగారు, ఇచ్చాను. కుర్చీ మంచానికి ఆనించి, ఆయన చెయ్యి మీద తల పెట్టాను. ఒక్క నిమిషం అనుకున్నా. నర్సు భుజం మీద చెయ్యేసి లేపింది. గడియారం చూస్తే నలభై నిమిషాలు గడిచాయి, ఆయన లేరు." చేతి తొడుగుతో మొహం తుడుచుకుంది. "ఆయన పిలిచారో, ఆయాసపడ్డారో, గంట నొక్కమన్నారో, నాకు తెలీదు. పక్కనే ఉండి నిద్రపోయాను. ఎవరైనా ఆయన పేరెత్తితే, తర్వాత అడిగేది ఆ సంగతేనని భయం. నీకోసం కాదు పేరెత్తొద్దన్నది. నాకోసం."

హారను మోగింది. కమ్మీ చేతుల కింద వణికింది. అమ్మ చెయ్యి కమ్మీ మీంచి లేచింది. ఇప్పుడు చెంప పగలగొడుతుంది అనుకుంది పిచ్చుక. కొడితే బాగుణ్ణు కూడా అనుకుంది.

"ఆయన చెయ్యి మీద తల పెట్టావా?" అంది అమ్మ.

"ఆఁ."

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

"లేచేటప్పటికి చెయ్యి అక్కడే ఉందా, తీసేశాడా?"

పిచ్చుక ఆలోచించింది. ఆ నలభై నిమిషాల గురించి వెయ్యిసార్లు తలుచుకుంది గానీ ఈ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు. "అక్కడే ఉంది. నా చెంప కిందే."

అమ్మ కళ్ళలో నీళ్ళు ఇప్పుడు కారాయి. కానీ పెదాలు వేరేగా కదిలాయి, నవ్వుకి దగ్గరగా.

"నీకు నాలుగేళ్ళప్పుడు బస్సులో ఆయన ఒళ్ళో నిద్రపోయావు. మన స్టాపు వచ్చింది. దిగుదాం లేవండీ అంటే, 'పిచ్చుక ఇప్పుడే పడుకుంది' అన్నాడు. ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చాం. దిగాక కాలు తిమ్మిరెక్కి అరగంట నిలబడలేకపోయాడు. నువ్వు నిద్రపోతుంటే ఆ మనిషి దగ్గు కూడా ఆపుకునేవాడే. పిలిచి ఉంటాడని అనుకుంటున్నావా? గంట పక్కనే ఉన్నా, నీ కింద నుంచి చెయ్యి తీసి నొక్కేవాడు కాదు."

పిచ్చుక కూలబడిపోయింది. అక్కడే, తడి చెక్కల మీద. అమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటూ, "ఒంటరిగా పోయాడేమోనని నాలుగు నెలల్నుంచి కుళ్ళిపోతున్నానే" అంది. "ఈ మాట అప్పుడే చెప్పుంటే ఒక్క టీ కప్పు మిగిలేది ఓడవాళ్ళకి."

పడవ చప్పుడు దగ్గరైంది. పొగలోంచి ముందు ఒక పసుప్పచ్చ టోపీ, తర్వాత ఇద్దరు మనుషులు తేలారు. అందులో పెద్దాయన తల పైకెత్తి అరిచాడు. "ఎవరూ కనిపించలేదండీ."

అమ్మ కమ్మీ పట్టుకుని మళ్ళీ లేచింది. "తప్పు నాదే నాయనా. ఆయన ఇప్పుడు లేరు. నా వల్ల మీకింత శ్రమ. చేతులు కొయ్యబారిపోయుంటాయి, లోపలికెళ్ళి వేడిగా ఏదైనా తాగండి." ఆయన అర్థంకాక టోపీ తీశాడు. తర్వాత అర్థమై, దాన్ని తిరిగి పెట్టుకోలేదు.

కెప్టెన్ గది నుంచి వచ్చేసరికి ఇద్దరూ బడిలో తిట్లు తిన్న పిల్లల్లా ఉన్నారు. మిగతా ప్రయాణంలో అమ్మ ఓడ దిగకూడదని తేల్చారు. అమ్మ కిక్కురుమనకుండా ఒప్పుకుని వచ్చింది. గదికి వెళ్ళాలనిపించక పై అంతస్తు బెంచీ మీద కూర్చున్నారు. పొగ విచ్చుకుంటోంది. టైమెంతైందో చెప్పని ఆ వెలుతురు అలాగే ఉంది.

"పాప సంగతి..." అంది పిచ్చుక.

"నువ్వు ఆలోచించుకో. నా మీద నమ్మకం ఉంటేనే."

"వాళ్ళ తాతయ్య కబుర్లు దానికి చెప్తావా?"

"నువ్వు చెప్పనిస్తే."

"చెప్పు. రోజూ చెప్పు." ఇంకా ఏదో అనబోయింది. తల బరువెక్కి అమ్మ భుజం మీదికి వాలింది. నాలుగు నెలల నిద్ర ఒక్కసారిగా మీద పడింది.

కళ్ళు తెరిచేసరికి ఓడ కదులుతోంది. మంచుగోడలు వెనక్కి పోయాయి. బెంచీలన్నీ ఖాళీ. ఎంతసేపైందో తెలియదు. అమ్మ, పిచ్చుక వాలినప్పుడు ఉన్న చోటే, ఉన్నట్టే, భుజం కదపకుండా బిగుసుకుని కూర్చుని ఉంది. పెదాలు చలికి నీలంగా మారాయి.

"భోజనం గంట కొట్టలేదా?"

"రెండుసార్లు కొట్టారు."

"మరి లేపలేదేమమ్మా?"

అమ్మ కుడి చెయ్యి ఎత్తబోయింది, లేవలేదు. పిచ్చుక ఆ చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుని, మోచేతి నుంచి వేళ్ళ దాకా మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది.